చీర కట్టిన మామయ్య కథ చెబితే...?

నరసరావుపేట, మాచర్ల, గురజాల... మన పల్నాటి ఊళ్ళల్లో ఏ వీధి తీసుకున్నా అమెరికాలో పిల్లలున్న ఇల్లు ఒక్కటన్నా ఉంటోంది కదండీ! పురుళ్ళు పొయ్యటానికని, మనవళ్ళని చూసుకోవటానికని మన వయసు వాళ్ళూ, మనకంటే పెద్దవాళ్ళూ ఆర్నెల్లేసి అక్కడ ఉండి వస్తున్నారు. వచ్చినవాళ్ళు మోసుకొచ్చే కబుర్లలో ఒకటి మీ చెవిన కూడా పడే ఉంటుంది. "అక్కడ లైబ్రరీల్లో మగవాళ్ళు ఆడవేషం వేసుకుని, ఇంత మందాన రంగు పూసుకుని, చంటిపిల్లలకు కథలు చదివి వినిపిస్తారటమ్మా! దాని మీద పెద్ద గొడవలై కోర్టుల దాకా వెళ్ళారట!" అని.

విన్నవాళ్ళలో సగం మంది ముక్కున వేలేసుకుంటారు. "కలికాలం" అంటారు. మిగతా సగం మంది, "ఓస్, ఇంతేనా! మన నాటకాల్లో లేదూ?" అని తేల్చేస్తారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది. రెంటిలోనూ కొంత తొందరపాటు కూడా ఉంది. పొయ్యి మీద పాలుంటే మంట తగ్గించి రండి, నిదానంగా మాట్లాడుకుందాం. ఎందుకంటే ఇది అమెరికా వాళ్ళ గొడవే కాదు. మన పిల్లల్ని ఎవరి దగ్గర కూర్చోబెట్టాలి, ఎవరిని చూసి భయపడమని నేర్పాలి అన్న ప్రశ్న ఇందులో ఉంది.

అసలు ఏమిటీ గొడవ?

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో మిషెల్ టీ అనే రచయిత్రి 2015లో ఈ కథల కార్యక్రమం మొదలుపెట్టారు. ఆవిడ కూడా తల్లే. దీనికి 'డ్రాగ్ క్వీన్ స్టోరీ అవర్' అని పేరు పెట్టారు. డ్రాగ్ అంటే వేదిక మీద ఆటపాటల కోసం మగవాళ్ళు ఆడవేషం కట్టటం. ఆడవాళ్ళు మగవేషం కట్టటం కూడా అందులో ఉంది. తళతళలాడే గౌను, పెద్ద విగ్గు, రెప్పలకు పొడుగాటి వెంట్రుకలు పెట్టుకుని వేషగాడు కుర్చీలో కూర్చుంటాడు. బొమ్మల పుస్తకాలు చదువుతాడు, పిల్లలతో పాటలు పాడిస్తాడు. తల్లిదండ్రులు పిల్లల పక్కనే కింద కూర్చుని ఉంటారు. అక్కడి నుంచి ఇది ఎన్నో ఊళ్ళకు, ఇంగ్లండు లాంటి దేశాలకు కూడా పాకింది.

దాంతోపాటు ఎదురుతిరిగేవాళ్ళూ పెరిగారు. 2022 జూన్‌లో కాలిఫోర్నియాలోని శాన్ లొరెంజో అనే ఊళ్ళో కథ జరుగుతుండగా కొందరు మగవాళ్ళు లైబ్రరీలోకి జొరబడి తిట్లకు దిగారు. చిన్నపిల్లల ముందరే! 2023లో మోంటానా రాష్ట్రం ఏకంగా చట్టం చేసింది. ప్రభుత్వ బడుల్లో, లైబ్రరీల్లో ఇలాంటి కథల కార్యక్రమం పెట్టకూడదని. అదే ఏడాది ఫెడరల్ జడ్జి ఆ చట్టం అమలుకు అడ్డుపడ్డారు. టెనెస్సీ రాష్ట్రం పిల్లలు చూసే చోట ఇలాంటి ప్రదర్శనల మీద ఆంక్షలు పెడితే అదీ 2023లోనే కోర్టుకెక్కింది. కింది కోర్టు చెల్లదంది. 2024లో పై కోర్టు, అసలు ఆ దావా వేసిన సంస్థకు వేసే అర్హతే లేదని ఆ తీర్పును పక్కన పెట్టింది.

వద్దనే తల్లులు ఏమంటారంటే, "ఇవి రాత్రిపూట పెద్దవాళ్ళు బార్లలో చూసే ఆటలు, పసిపిల్లల దగ్గరికెందుకు తెస్తారు? ఆడ, మగ అన్న ఊహే సరిగ్గా తెలియని వయసులో వాళ్ళని గందరగోళ పెట్టటమెందుకు?" అంటారు. కావాలనే తల్లులేమో, "పిల్లలకు వేషాలంటే సరదా. మనలా లేనివాళ్ళని చూసి భయపడకుండా పెరుగుతారు. మాకు ఇష్టమై మేం తీసుకెళ్తున్నాం, ఇష్టం లేనివాళ్ళు మానెయ్యండి" అంటారు. చూశారా, రెండు వైపులా ఉన్నది తల్లులే!

మనకిది కొత్తా?

ఇప్పుడు మన ఇంటి సంగతి చూద్దాం. మీ పాత ఫోటోల ఆల్బం ఒకసారి తియ్యండి. పుట్టువెంట్రుకలు తీయించే ముందు మగపిల్లాడికి జడ వేసి, పూలు పెట్టి, పట్టు పరికిణీ కట్టి, కళ్ళకు కాటుక, బుగ్గన చుక్క పెట్టి స్టూడియోలో తీయించిన ఫోటో ఉంటుంది. ఆ పిల్లాడే ఇవాళ మీసాలు మెలేస్తూ తిరుగుతూ ఉంటాడు. ఎవరికీ ఏ గందరగోళమూ రాలేదు. పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళకి ఆ ఫోటో చూపించి నవ్వుకుంటాం కూడా.

తిరుమల బ్రహ్మోత్సవాల్లో అయిదో రోజు పొద్దున మలయప్పస్వామిని మోహినిగా అలంకరించి ఊరేగిస్తారు. చంకన బిడ్డనెత్తుకుని మనమే "అదిగో స్వామి" అని చూపిస్తాం. తిరుపతి గంగమ్మ జాతరలో మొక్కున్న మగవాళ్ళు, మగపిల్లలు చీరలు కట్టి, పూలు పెట్టుకుని అమ్మవారి దగ్గరికి వెళ్తారు. 2024 డిసెంబర్‌లో 'పుష్ప-2' వచ్చినప్పుడు అల్లు అర్జున్ చీర కట్టి ఆడిన జాతర ఘట్టం చూసి పిల్లలంతా ఇళ్ళల్లో తువ్వాళ్ళు చుట్టుకుని ఆడారు కదా, ఆ ఘట్టానికి మూలం ఈ జాతరే. కర్నూలు జిల్లా సంతెకూడ్లూరులో హోలీ పండక్కి మగవాళ్ళు ముస్తాబై, చీర కట్టుకుని వెళ్ళి రతీమన్మథుల్ని కొలుస్తారు.

ఇక నాటకం సంగతి చెప్పాలా! మన ఉమ్మడి గుంటూరు జిల్లా బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావుగారు సత్యభామగా, చింతామణిగా, రోషనారాగా వేదికెక్కితే ఆడవాళ్ళే ఆ కట్టూ బొట్టూ చూసి నేర్చుకునేవారని పెద్దలు చెప్పేవారు. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. కృష్ణ దాటి కూచిపూడికి వెళ్తే వేదాంతం సత్యనారాయణ శర్మగారు. భామాకలాపంలో ఆయన సత్యభామ దేశమంతా తిరిగింది. 1970లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు నాటకాలెయ్యటం పరువు తక్కువనుకునేవారు గనక మగవాళ్ళే ఆ పాత్రలు కట్టేవారు. అక్కినేని నాగేశ్వరరావుగారు పేరు తెచ్చుకున్నది మొదట నాటకాల్లో ఆడవేషాలతోనే. 1885లో మొదలైన సురభి కుటుంబాల వాళ్ళు మాత్రం తమ ఇంటి ఆడవాళ్ళనే ధైర్యంగా వేదిక ఎక్కించారు. వాళ్ళ తెగువ అది.

మన పల్నాటి ముచ్చట ఒకటి ఉంది, వినే ఉంటారు. నందమూరి తారక రామారావుగారు విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కాలేజీలో చదివేటప్పుడు, అక్కడి లెక్చరరు విశ్వనాథ సత్యనారాయణగారు ఒక నాటకంలో ఆయనకు ఆడపాత్ర ఇచ్చారు. ఏ పాత్ర అనుకున్నారు? మన నాయకురాలు నాగమ్మ! మీసం తీయనని ఆయన మొండికేశారు. మీసంతోనే నాగమ్మ వేషం వేసి 'మీసాల నాగమ్మ' అనిపించుకున్నారు. తరవాత 1963లో 'నర్తనశాల'లో బృహన్నలగా కట్టినప్పుడు మాత్రం జనం చప్పట్లతో నెత్తిన పెట్టుకున్నారు.

అసలు ఈ ప్రశ్నకు మన భారతంలోనే దగ్గరి పోలిక ఉంది. విరాటరాజు కొలువులో అర్జునుడు బృహన్నలగా చేరి చేసిన ఉద్యోగమేమిటి? రాజుగారి కూతురు ఉత్తరకు, ఆమె చెలికత్తెలకు ఆటపాటలు నేర్పటం. అంటే చదువు చెప్పే పంతులమ్మ పనే. రాజు కూడా గుడ్డిగా ఒప్పుకోలేదు. విచారించుకుని, పరీక్ష చేయించుకుని అప్పుడే పిల్లని అప్పగించాడు. విచారించటం తండ్రిగా ఆయన బాధ్యత. విచారించాక నమ్మటం ఆయన పెద్దరికం. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడతాయి.

అయితే రెండూ ఒకటేనా?

అలా అనలేం. మన వేషానికీ, అమెరికా వేషానికీ తేడాలున్నాయి. స్థానంవారు సత్యభామ పాత్ర కోసం చీర కట్టారు. పాత్ర అయిపోగానే పంచె కట్టుకున్నారు. అక్కడి డ్రాగ్ కళాకారులు కొందరికి వేషం పాత్ర మాత్రమే కాదు. 'ఆడ, మగ అని మీరు గీసిన గీత ఇంత గట్టిదేం కాదు' అని చెప్పే పద్ధతి. వాళ్ళు ఆ మాట దాచుకోరు కూడా. కొంతమంది తల్లుల అభ్యంతరం ఆ మాట మీదే.

ఇంకో తేడా. మన నాటకాలు పిల్లల కోసం ఆడినవి కావు. పెద్దవాళ్ళ కోసం ఆడేవారు, పిల్లలు తల్లి ఒళ్ళో నిద్రపోతూ లేస్తూ చూసేవారు. నిజం చెప్పాలంటే వాటిలో పిల్లలు వినకూడని మాటలు బోలెడుండేవి. 'చింతామణి' నాటకమే తీసుకోండి. కాళ్ళకూరి నారాయణరావుగారు వేశ్యా వ్యసనం వల్ల ఇళ్ళెట్లా గుల్లవుతాయో చెప్పటానికి రాశారు. పోను పోను అందులోని సుబ్బిశెట్టి పాత్రకు బూతులు అతికించారు. తమ కులాన్ని కించపరుస్తున్నారని ఆర్యవైశ్యులు ఫిర్యాదు చేస్తే 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది.

ఇక్కడొక్క నిమిషం ఆగి ఆలోచించండి. అంత గొడవలోనూ 'చింతామణిగా మగవాడు చీర కట్టాడు' అన్నది ఫిర్యాదు కాలేదు. ఫిర్యాదు నోటి మాట మీద! మన కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల మీద డాన్సులు శ్రుతి మించితే పోలీసులు అడ్డుకునేదీ ఇలాగే. ఆ డాన్సుల్లో ఆడేది అచ్చంగా ఆడపిల్లలే. వేషంలో ఏ తేడా లేకపోయినా అది పిల్లలు చూడదగ్గ ఆట కాదని మనమే పక్కకి తీసుకొస్తాం. అంటే ఇన్నేళ్ళుగా మన ఇంటి పెద్దలు కొలిచిన కొలత వేరు. ఎవరు ఏం కట్టారని కాదు, ఏం మాట్లాడుతున్నారు, ఎలా మసులుకుంటున్నారు అని. అమెరికా కథల కార్యక్రమానికైనా నేను అదే కొలబద్ద పెడతాను. బార్లో ఆడే ఆట లైబ్రరీకి తెస్తే తప్పు. పిల్లల పుస్తకం పద్ధతిగా చదివితే అది కథే, తప్పు కాదు.

రంగు కడిగాక ఏమైంది?

మనం గొప్పగా చెప్పుకునే ఈ కథలో ఒక చేదు కూడా ఉంది. వేదిక మీద ఆడవేషం కట్టినవాడికి శాలువా కప్పాం. మరి వేదిక దిగాక కూడా 'నేను ఆడదాన్నే' అని బతికే హిజ్రాలను ఏం చేశాం? ఒక్క మాట ముందు చెప్పాలి. స్త్రీ పాత్రలు కట్టే నటులు వేరు, డ్రాగ్ కళాకారులు వేరు, హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్ వాళ్ళు వేరు. మొదటి ఇద్దరికీ అది వేషం. మూడోవాళ్ళకు అది బతుకు. చూసే జనం మాత్రం అందర్నీ ఒకే గాటన కడతారు.

1919లో నిజాం రాజ్యంలో ఒక చట్టం వచ్చింది. తరవాత దానికి తెలంగాణ ప్రాంత నపుంసకుల చట్టం అని పేరు. ఆడబట్టలు కట్టుకునో, నగలు పెట్టుకునో వీధిలో కనిపించినా, పాడినా, ఆడినా వారంటు లేకుండా పట్టుకుని రెండేళ్ళ దాకా జైల్లో వెయ్యొచ్చు. పదహారేళ్ళలోపు మగపిల్లాడు వాళ్ళ ఇంట్లో ఉంటే దానికీ శిక్షే. అంతకు ముందు 1871లో ఇంగ్లీషువాళ్ళు చేసిన నేరస్థ తెగల చట్టంలోనూ ఇలాంటి రాతే ఉంది. రెంటిలోనూ 'పిల్లల్ని కాపాడటం' అనే మాట పైకి కనపడుతుంది. జరిగిందేమో మనుషుల్ని పేర్లు రాయించుకుని, ఊరి చివరకు తరమటం.

1956లో స్థానంవారికి పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ కొత్త రాష్ట్రం చట్టాల పుస్తకంలో ఈ చట్టం కూడా చేరింది. చీర కట్టి అభినయిస్తే సన్మానం, చీర కట్టి వీధిలో నడిస్తే జైలు! 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా అది పుస్తకంలో అలాగే ఉంది. అంతకు ముందే 2014లో సుప్రీంకోర్టు వాళ్ళని మూడో జెండరుగా గుర్తించి, అందరితోపాటు హక్కులున్నాయని చెప్పింది. 2022లో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు. 2024 చివర్లో హైదరాబాదు రోడ్ల మీద ట్రాఫిక్ విధుల్లోకి ట్రాన్స్‌జెండర్ వాళ్ళని తీసుకున్నారు.

డాక్టరుగా మన బిడ్డకి మందివ్వొచ్చు, రోడ్డు మీద మన బిడ్డని చెయ్యి పట్టుకుని దాటించొచ్చు. మరి కూర్చుని ఓ కథ చదివి వినిపిస్తే తప్పేమిటో మీరే చెప్పండి.

తల్లి భయం తప్పు కాదు

"నీకేమమ్మా, రాతలో ఎన్నయినా రాస్తావు, నా బిడ్డకేమైనా అయితే?" అని మీరనొచ్చు. అనాలి కూడా. తల్లికి అనుమానం ఉండటమే మంచిది. కాకపోతే ఆ అనుమానాన్ని సరైన వైపు తిప్పుకోవాలి.

పిల్లల మీద అఘాయిత్యాలకు మన దేశంలో 2012లో పోక్సో చట్టం వచ్చింది. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ అది వర్తిస్తుంది. నేర గణాంకాల్లో ఏటా కనిపించేదేమిటంటే, ఆ చట్టం కింద నమోదైన అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా, చేసినవాడు బిడ్డకు తెలిసినవాడే. చుట్టమో, పక్కింటివాడో, స్నేహితుడో, పాఠం చెప్పేవాడో. రంగు పూసుకుని, పదిమంది తల్లుల మధ్య, వెలుతురులో కూర్చున్నవాడి గురించి మనం గుండెలు బాదుకుంటాం. ప్యాంటు చొక్కా వేసుకుని, తలుపు దగ్గరగా వేసి ట్యూషన్ చెప్పేవాణ్ణి మాత్రం "మనవాడే" అని వదిలేస్తాం. పాలు చూరులో వేలాడదీసి, పిల్లిని వంటింట్లోనే పెంచుకున్నట్టుంది మన జాగ్రత్త!

బిడ్డ అడిగితే ఏం చెప్పాలి?

జాతరలోనో, రైల్లోనో, టీవీలోనో చూసి, "అమ్మా, వాళ్ళు ఆడా మగా?" అని పిల్లలు పెద్దగా అడిగేస్తారు. మనం చటుక్కున నోరు మూస్తాం, లేదా "తప్పు, చూడకు" అంటాం. అప్పుడు ఆ బిడ్డకు ఒక్కటే అర్థమవుతుంది. అక్కడేదో భయపడాల్సింది ఉందని. అలా కాకుండా ఉన్నదున్నట్టు చెప్పండి. నాటకమైతే, "మామయ్య సత్యభామ వేషం వేశాడు, ఆట అయ్యాక కడిగేసుకుంటాడు" అనండి. హిజ్రా మనిషైతే, "కొంతమంది అలా ఉంటారు నాన్నా, ఆవిడని అక్కా అని పిలువు" అనండి. అయిదేళ్ళ బిడ్డకు ఆ రెండు ముక్కలు చాలు. అడిగినంతవరకే చెప్పాలి, అడగనిది చెప్పక్కర్లేదు.

ఇక ఇంట్లో మగపిల్లాడు అక్క చున్నీ చుట్టుకుని అద్దం ముందు గెంతితే కొట్టకండి. పిల్లలు పులి వేషం వేస్తే పులులైపోతారా? కాదు, అది ఆటే. ఒకవేళ ఏ బిడ్డకైనా అది ఆట కాకపోతే, ఆ మాట చెప్పుకోవటానికి ముందుగా రావాల్సింది మన దగ్గరికే. ఇవాళ మనం విసిరిన దెబ్బో, ఎగతాళో రేపు వాడి నోరు కట్టేస్తుంది. ఆ తరవాత బిడ్డ ఇల్లొదిలి ఎటు పోయాడో తెలియక ఏడ్చే తల్లులు ఎంతమంది లేరు!

కథ ఎవరు చెప్పినా సరే

అమెరికాలో మీ అమ్మాయో కోడలో "తీసుకెళ్ళమంటావా అత్తయ్యా, వద్దంటావా?" అని అడిగితే, ఇక్కడ బడిలోనో, తిరునాళ్ళలోనో ఎవరైనా పిల్లల్ని కూర్చోబెట్టి కథ చెబుతామంటే, ఈ నాలుగూ చూసుకోండి. చెప్పేవాళ్ళు పంచె కట్టినా, గౌను తొడిగినా, కాషాయం కట్టినా ఇవే.

- చదవబోయే పుస్తకం ముందుగా చూడండి. మీ బిడ్డ వయసుకు తగిందేనా అని మీరే తిరగేసుకోండి.

- తల్లో తండ్రో పక్కన కూర్చోవటానికి వీలుండాలి. "మీరు బయట ఉండండి" అంటే బిడ్డతో సహా బయటికొచ్చెయ్యండి.

- పిలిచి పెడుతున్న బడీ, లైబ్రరీ వాళ్ళు ఆ మనిషి గురించి విచారించారో లేదో అడగండి. అడగటం అవమానం కాదు.

- ఎవరు ఒళ్ళో కూర్చోమన్నా, ముద్దివ్వమన్నా, బిడ్డకు ఇష్టం లేకపోతే "వద్దు" అనొచ్చని నేర్పండి. సాయం కావాలంటే 1098కి ఫోను చెయ్యొచ్చని పెద్దపిల్లలకు కంఠతా పట్టించండి.

ఇవన్నీ చూసుకున్నాక కూడా మీకు మనసొప్పకపోతే తీసుకెళ్ళకండి. మీ బిడ్డ, మీ ఇష్టం. అయితే మనసొప్పి తీసుకెళ్ళిన పక్కింటి తల్లిని ఆపే హక్కు మనకు లేదు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని పిల్లల ముందు తిట్టే హక్కు అసలే లేదు. పిల్లలకు కథ మర్చిపోయే గుణం ఉంటుంది గానీ, పెద్దవాళ్ళు ఒక మనిషిని ఎలా చూశారో మాత్రం చచ్చినా మర్చిపోరు.